కట్టెల ధరకే తాతల సామాను!

అమెరికాలో ఓ ఇంటి పెద్ద కన్నుమూస్తే మంచం నుంచి చెంచాదాకా అన్నిటికీ ధర చీటీలు అంటించి అమ్మకానికి పెడతారు. మన మర్రిగూడలాంటి ఊళ్లలో పాత ఇల్లు కూలిస్తే తాతలనాటి టేకు దర్వాజ ఒక్క మధ్యాహ్నంలో ట్రాలీ ఎక్కి వెళ్లిపోతుంది. ఎంతకు పోయిందో అమ్మినవాళ్లకే సరిగ్గా తెలియదు! పాత సామాను బేరంలో అమ్మేవాళ్లు మోసపోకుండా, కొనేవాళ్లు నష్టపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

'పాత సామాను కొంటాం... పాత మంచాలు, బీరువాలు, కుర్సీలు కొంటాం...'

మైకు కట్టుకున్న ట్రాలీ ఆటో వీధి మలుపు తిరుగుతుంది. 'కొట్టంలో పడి ఉన్న ఆ పెట్టె ఇచ్చేద్దామా' అని ఇంట్లో ఎవరో అంటారు. పది నిమిషాల్లో బేరం, మరో పది నిమిషాల్లో డబ్బు. సాయంత్రానికి ఆ మూల ఖాళీ!

తెలుగునాట ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. నల్లగొండ జిల్లా మర్రిగూడ పరిసరాల్లో మాత్రం దీని వెనక పెద్ద కథే ఉంది. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద మాల్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి పక్కకు మళ్లితే వచ్చే మెట్ట ప్రాంతమిది. వాన పడితేనే పంట. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు. ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్ల ఫొటోలు ఒకప్పుడు దేశమంతా చూసింది. బతుకుదెరువు వెతుక్కుంటూ కుటుంబాలకు కుటుంబాలే హైదరాబాదు బాట పట్టాయి. ఊళ్లో ఉన్నవాళ్లు స్లాబు ఇళ్లు కట్టుకున్నారు. వెనక మిగిలినవి తాళం వేసిన పాత ఇళ్లు. వాటి లోపల... తరాల సామాను!

ఏముండేవి ఆ ఇళ్లలో?

దక్షిణ తెలంగాణ పాత ఇల్లంటే సగం మట్టి, సగం చెక్క. పైన మట్టి మిద్దె. దాని బరువు మోయడానికి మొగురాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద వరసగా దంతెలు. ముందు భాగంలో బరువైన దర్వాజ, దానికి పసుపు రాసిన కడప. కాస్త కలిగినవాళ్ల ఇంటి దర్వాజ మీద పువ్వులు, చిలకలు, ఏనుగులు చెక్కి ఉండేవి. ఇత్తడి బొడిపెలు, గొలుసు గొళ్లెం సరేసరి.

ఇక లోపల అర్రలోకి వెళ్తే పెద్ద సందూగ. ఇద్దరు మనుషులు పట్టి కదిపితేగానీ కదలదు. బట్టలు, వెండి, కాగితాలు, పండుగ గిన్నెలు... అన్నీ అందులోనే. పక్కన నవారు అల్లిన పట్టె మంచం. నీళ్ల బిందెలు పెట్టే గడంచె. దూలానికి వేలాడే తొట్టెల. ఇంట్లో ఎంతమంది పిల్లలు పుట్టినా తొట్టెల ఒక్కటే! తల్లి ఊగిన తొట్టెలలోనే బిడ్డ ఊగేది.

పట్వారీల ఇళ్లలో ఇంకో వస్తువుండేది. దఫ్తరు పెట్టె. ఊరి భూముల లెక్కలన్నీ అందులో ఉండేవి. 1980ల్లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేశాక ఆ పెట్టెలు అటక ఎక్కాయి.

గడీల సామాను తీరే వేరు. దొర కూర్చునే చేతుల కుర్చీ, సాగిలపడి విశ్రమించే ఆరాం కుర్చీ, నిలువుటద్దాల అల్మారీ... ఆ కుర్చీ వట్టి కుర్చీ కాదు, అధికారం. దాని ముందు కింది కులాలవాళ్లు చెప్పులు చేతపట్టుకుని నిలబడాల్సిందే. దొర వస్తుంటే సొంత ఇంటి ముందు మంచం మీంచి కూడా లేవాల్సిందే. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. ఆ రోజుల్లో చాలా గడీలు ఖాళీ అయ్యాయి. కొన్ని కూలాయి, కొన్ని చేతులు మారాయి. ఎవరినీ కూర్చోనివ్వని కుర్చీ ఇవాళ ఎవరైనా బేరమాడి కొనుక్కోగల వస్తువైంది. పాత సామాను బజారు చేసిన మంచి పనుల్లో ఇదొకటి!

పోయినవాళ్ల మంచం ఎవరు కొంటారు?

'ఎస్టేట్' అనగానే మనకు తోటలు, జమీందారీలు గుర్తొస్తాయి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. పోయిన మనిషి మిగిల్చిన మొత్తం ఆస్తి అని. ఇల్లు, కారు, కుర్చీ, కప్పు అన్నీ కలిపి ఎస్టేట్. ఆ ఇంట్లోనే పెట్టి అమ్మితే 'ఎస్టేట్ సేల్'.

మన దగ్గర ఆ పద్ధతి ఎందుకు రాలేదు? ఒక కారణం నమ్మకాలు. పల్లెల్లో కొనప్రాణంతో ఉన్న మనిషిని మంచం మీంచి దించి నేల మీద పడుకోబెడతారు. మంచం మీద ప్రాణం పోకూడదని. కర్మల రోజుల్లో శయ్యాదానం పేరుతో మంచం, పరుపు, చెంబు దానంగా ఇచ్చేస్తారు. పోయినవాళ్ల పడక డబ్బుకు అమ్మాలన్నా, కొనాలన్నా చాలామందికి మనసొప్పదు. పాత ఇంటి గుమ్మం కొత్త ఇంటికి పెట్టకూడదనే వాస్తు మాటలు సరేసరి.

రెండో కారణం పంపకాలు. సామాను అన్నదమ్ములకు పాళ్లు పడుతుంది. ఎవరికీ పట్టనిది కొట్టంలో పడుతుంది. పట్నంలో రెండు గదుల ఇంట్లోకి సందూగ పట్టదు. ఊళ్లో చూసేవాళ్లుండరు. పదేళ్లు గడిచాక వానకు తడిసి, చెదలు పట్టాక ఎవరో ఒకరు 'తీసిపారేద్దాం' అంటారు. అప్పుడు మొదలవుతుంది బేరం. అప్పటికి మనకు తొందర, కొనేవాడికి ఓపిక. ఆ బేరంలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా!

ఇక్కడో మాట. ఆ సందూగ ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగరు. చాలా ఇళ్లలో అది అత్తగారు కాపురానికొచ్చేటప్పుడు పుట్టింటివాళ్లు సారెతో పంపింది. పట్టె మంచమూ అంతే. చట్టం దృష్టిలో అది స్త్రీధనం. అంటే ఆమె సొంతం. బేరం కుదిరాక కాదు, బేరానికి ముందే ఆ పెద్దావిడను ఓ మాట అడగడం న్యాయం.

కిలోల్లో కాదు... అడుగుల్లో లెక్క!

పాత ఇంటి చెక్కను సాధారణంగా రెండు రకాలుగా అడుగుతారు. 'మొత్తం కలిపి ఇంత' అని గుత్తగా. లేదంటే కట్టెల లెక్కన కిలోకు ఇంత అని. రెండిట్లోనూ అమ్మేవాళ్లకే నష్టం. కలపను కొలవాల్సింది ఘనపుటడుగుల్లో. లెక్క చాలా తేలిక. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలవండి. మూడూ గుణించి 144తో భాగించండి. అంతే!

ఉదాహరణకు 10 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న దూలం తీసుకుందాం. 10ని 8తో, దాన్ని 6తో గుణిస్తే 480. దాన్ని 144తో భాగిస్తే 3.33 ఘనపుటడుగులు. అలాంటివి పది ఉంటే 33 ఘనపుటడుగుల పైమాటే. దర్వాజ చట్రం చూద్దాం. నిలువు చెక్కలు రెండు, ఒక్కోటి 7 అడుగులు. పైనొకటి, కిందొకటి అడ్డ చెక్కలు, ఒక్కోటి నాలుగున్నర అడుగులు. మొత్తం 23 అడుగుల పొడవు. చెక్క 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం అయితే దాదాపు 3.2 ఘనపుటడుగులు. రెక్కలు దీనికి అదనం.

ఇప్పుడు అసలు సంగతి. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. కట్టెల లెక్కన కిలో 5 రూపాయలకు ఇచ్చేశారనుకుందాం. చేతికొచ్చేది 90 రూపాయలు! అదే ఘనపుటడుగు కొత్త టేకు కొనాలంటే వేలల్లో మాట. పాత చెక్కకు కొత్తదాని ధర రాదు నిజమే. మేకులు పీకాలి, చిత్రిక పట్టాలి, పాడైన కొసలు కోసెయ్యాలి. అయినా ఎక్కడ తొంభై, ఎక్కడ వేలు!

అన్నీ టేకు అనుకోవడమూ పొరపాటే. ఈ మెట్ట ఊళ్లలో దూలాలకు, దంతెలకు వేప, తుమ్మ కూడా బాగా వాడారు. వాటి ధర తక్కువ. అందుకే గుత్త బేరం వద్దు. టేకు వేరు, వేప వేరు, విరిగిన కట్టె వేరు. మూడు కుప్పలు, మూడు ధరలు. ఊళ్లో పెద్ద వడ్రంగి ఉంటే బేరానికి ముందు ఆయనకు ఓ పూట కూలి ఇచ్చి చూపించండి. చెక్క రకం ఆయన గోటితో గీసి చెప్పేస్తాడు.

నీళ్లొస్తాయంటే... ఇళ్లు పోవాలి

మర్రిగూడ మండలంలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. కరవు ప్రాంతానికి కృష్ణా నీళ్లివ్వాలని తలపెట్టిన డిండి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో ఈ మండలంలోని శివన్నగూడెం దగ్గరే శంకుస్థాపన జరిగింది. జలాశయం కడితే కొన్ని ఊళ్లు ముంపులో పోతాయి. నర్సిరెడ్డిగూడెంలాంటి పల్లెలు ఆ జాబితాకెక్కాయి. పరిహారం కోసం నిర్వాసితులు ఏళ్లతరబడి ఆందోళనలు చేశారు. నీళ్లు లేక బాధపడిన గడ్డ మీద, నీళ్ల కోసం ఇల్లు వదలాల్సిన పరిస్థితి!

ముంపు ఊళ్లో ఇల్లు వదలడమంటే ఒక్క గోడలు వదలడం కాదు. ఊరంతా ఒకేసారి సామాను అమ్మకానికి పెడితే ధర పాతాళానికి పడిపోతుంది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు 'ఆపరేషన్ డిమాలిషన్' పేరుతో ఇళ్లు కూలగొట్టారు. దాదాపు వంద గ్రామాలు, లక్షకు పైగా జనం. అలాంటి వేళ చేతికందిన తలుపు, దూలం బండికెత్తుకోవడమే తప్ప నిదానంగా బేరమాడే తీరికెక్కడిది?

అందుకే ఈ విషయం తెలిసి ఉండాలి. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టంలోని రెండో షెడ్యూలు ప్రకారం ఇల్లు కోల్పోయి తరలివెళ్లే ప్రతి కుటుంబానికీ రవాణా ఖర్చుల కింద ఒకేసారి 50,000 రూపాయలివ్వాలి. ఎందుకో చట్టమే చెప్పింది. కుటుంబాన్ని, ఇంటి సామానును, పశువులను, ఇంకా 'నిర్మాణ సామగ్రిని' తరలించుకోవడానికి! అంటే పాత ఇంటి తలుపులు, దూలాలు కొత్త చోటికి తీసుకెళ్లే ఖర్చు కూడా అందులో ఉందన్నమాట. ట్రాలీవాడు అడిగిన ధరకు అక్కడికక్కడే వదిలించుకోవాల్సిన పనిలేదు.

ఎక్కడికి పోతుంది ఈ సామాను?

చేతులు మారుతూ పట్నం చేరుతుంది. హైదరాబాదులో గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఎర్రగడ్డ సంత పాత సామానుకు పేరుమోసినవి. విరిగిన కుర్చీ కాలు నుంచి ఇత్తడి గొళ్లెం దాకా దొరకనిదుండదు. ఇంకొంచెం మంచి సరుకు పాలిష్ పెట్టించుకుని పెద్ద దుకాణాలకు వెళ్తుంది. మన ఊరి దర్వాజ రెస్టారెంటు ముఖద్వారంగా, సందూగ సోఫాల మధ్య టీపాయ్‌గా, గడంచె పూలకుండీల బల్లగా అవతారమెత్తుతాయి. ధర మాత్రం ఊళ్లో ఇచ్చినదానికి ఎన్నో రెట్లు!

హైదరాబాదుకు ఇది కొత్తేమీ కాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రాబడి ఆగిపోయిన దేవిడీల నుంచి అల్మారీలు, అద్దాలు, షాండ్లియర్లు ఒక్కోటే బజారుకొచ్చాయి. అదే ఏడాది మార్చి 2న మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. పిల్లల్లేరు. ఆయన సేకరించిన వేలాది వస్తువులు ముక్కలు ముక్కలుగా అమ్ముడైపోవాల్సిందే. అలా కాకుండా ఆయన నివసించిన దివాన్ దేవిడీనే 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతులమీదుగా మ్యూజియంగా తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మార్చారు. మనం టికెట్టు కొనుక్కుని చూసే ఆ కుర్చీలు, బల్లలు నిజానికి ఓ ఇంటి సామానే!

తమిళనాడులోని కారైకుడిది ఇంకో కథ. బర్మాలో వ్యాపారాలు చేసిన చెట్టియార్లు అక్కడి టేకుతో రాజభవనాల్లాంటి ఇళ్లు కట్టారు. వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో వారసులయ్యారు. చాలా ఇళ్లు కూల్చి స్తంభాలు, తలుపులు అమ్మేశారు. కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి పొడవునా ఆ సామాను దుకాణాలే. అయితే అక్కడో తేడా ఉంది. బజారు ఊళ్లోనే ఏర్పడింది. ఏ వస్తువుకు ఎంత విలువో అమ్మేవాళ్లకు నడిచి వెళ్లి కనుక్కునే వీలుంది. కోల్‌కతాలోనూ అంతే. 1940లో మొదలైన రసెల్ ఎక్స్ఛేంజ్‌లో దశాబ్దాలపాటు పాత సామాను అందరిముందూ వేలం వేశారు. పదిమంది పాడితే ధర దానంతటదే తేలుతుంది. మర్రిగూడలో పాడేవాడు ఒక్కడే. ఆ ట్రాలీవాడే!

అక్కడ వరస చీటీలు... చివరి రోజు సగం ధర

ఇప్పుడు అమెరికా సంగతి. మన పిల్లలు చదువుకో, ఉద్యోగానికో వెళ్లి ఖాళీ అపార్ట్‌మెంటులో దిగగానే మొదట వెతికేది చవక మంచం, బల్ల. అందుకు వాళ్లకు దొరికే దారుల్లో ఎస్టేట్ సేల్ ఒకటి. ఇంటి యజమాని పోయినా, వృద్ధాశ్రమానికి మారినా పిల్లలు ఓ సంస్థను పిలుస్తారు. ఆ సంస్థవాళ్లు ప్రతి వస్తువుకూ ధర కట్టి, ఫొటోలు ప్రకటించి, రెండు మూడు రోజులు ఇంటి తలుపులు తెరుస్తారు. అమ్మిన సొమ్ములో వాటా తీసుకుంటారు. పొద్దున్నే వచ్చినవాళ్లకు వరస సంఖ్యలిస్తారు. మంచి వస్తువు కావాలంటే మొదటి రోజు వెళ్లాలి. చవగ్గా కావాలంటే చివరి రోజు. చాలాచోట్ల ఆ రోజు సగం ధరకే!

అక్కడ కొనేవాళ్లకూ జాగ్రత్తలున్నాయి. బట్ట, దూది ఉన్న సోఫాలు, పరుపుల్లో నల్లులుంటే ఇల్లంతా పాకుతాయి. అందుకని వట్టి చెక్క సామాను మేలు. ఓ పక్క కిందికి దిగే పిల్లల మంచాలు 2011 జూన్ 28 నుంచి అక్కడ అమ్మడం నిషేధం. పాతవైనా సరే. పిల్లలు ఇరుక్కుని చనిపోవడమే కారణం. సొరుగుల బీరువాలు పిల్లల మీద పడిన ప్రమాదాలెన్నో జరిగాయి. కొంటే గోడకు బిగించాల్సిందే.

అక్కడి పద్ధతిలో మనం నేర్చుకోదగ్గవి మూడే. జాబితా, ముందుగా ధర, నలుగురికీ తెలిసేలా అమ్మకం. వీటికి సంస్థలేమీ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక సెల్‌ఫోను చాలు.

కొనేవాళ్లూ... కళ్లు తెరవండి!

పాత చెక్క సామాను కొనడం తక్కువతనమేమీ కాదు. కొత్తగా వచ్చే చాలా మంచాలు, బీరువాలు చెక్కపొడి అట్టలతో చేసినవే. నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. రెండుసార్లు ఇల్లు మారితే మరలు ఊడతాయి. అదే డబ్బుకు తరం పాటు నిలిచే టేకు మంచం పాత బజారులో దొరికే అవకాశముంది. కాకపోతే చూసి కొనాలి.

పగటి వెలుతురులో చూడండి. పాలిష్ మెరుపు పైన ఉంటుంది. నిజం అడుగున ఉంటుంది. బోర్లించండి. సొరుగు బయటికి లాగి వెనక వైపు చూడండి. టేకైతే లోపలి భాగంలో సన్నగా గీకితే నూనె వాసన వస్తుంది. పై రేకు మాత్రమే టేకై లోపల ప్లైవుడ్ ఉంటే అంచుల్లో పొరలు కనిపిస్తాయి.

కీళ్లు పరీక్షించండి. మంచి పాత పనిలో ఓ చెక్క కొసను సన్నగా చెక్కి ఇంకో చెక్క రంధ్రంలోకి దిగగొట్టి, చెక్క మేకు బిగిస్తారు. ఇనుప మేకులుండవు. ఓ మూల పట్టుకుని ఐమూలగా నెట్టి చూడండి. కాస్త కదిలితే వడ్రంగి బాగుచేస్తాడు. కీలు దగ్గర చెక్కే చీలి ఉంటే మాత్రం వదిలెయ్యండి.

పురుగు ఉందేమో చూడండి. గుండుసూది తలంత రంధ్రాలుంటే భయపడక్కర్లేదు, పాతవి కావచ్చు. తట్టినప్పుడు వాటి నుంచి పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. కింద కాగితం పరిచి రెండు మూడు రోజులుంచితే తేలిపోతుంది. డొల్లగా మోగితే చెదలు తిన్నట్టే. పురుగున్న వస్తువు ఇంట్లో పెడితే మిగతా చెక్కకూ పాకుతుంది.

రంగు వేసిన తొట్టెలలతో జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పిల్లలు కొరికే చోట అది విషం. పొడిగా గీకితే ఆ దుమ్ము మరీ ప్రమాదం. తడిపి, పిల్లలు లేని చోట తీయించాలి.

పూర్తి ఖర్చు లెక్కేయండి. వస్తువు ధర ఒక్కటే ఖర్చు కాదు. ట్రాలీ కిరాయి, మోత కూలి, వడ్రంగి, పాలిష్, నవారు... అన్నీ కలిపి కొత్తదాని ధరతో పోల్చండి. మీ ఇంటి గుమ్మం, మెట్ల మలుపు కొలత ముందే రాసుకెళ్లండి. సందూగ కొన్నాక లిఫ్టులో పట్టకపోతే ఏం లాభం?

కొనకూడనివీ ఉన్నాయి. ఏనుగు దంతం పొదిగిన పెట్టె, కుర్చీ అమ్మినా కొన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గుడి తలుపులు, రథం చెక్కలు ఎంత చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. వందేళ్లు దాటిన చెక్కడపు పనిని విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కుదరదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి తాతల దర్వాజ పంపిద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. కొన్నప్పుడు అమ్మినవాళ్ల సంతకంతో రసీదు తీసుకోండి. దొంగసొత్తని తెలిసి కొన్నా నేరమే.

అమ్మేముందు ఆరు పనులు

1. ఇంట్లోని ప్రతి చెక్క వస్తువునూ కొలిచి, ఫొటో తీసి నోటు పుస్తకంలో రాయండి. వాటాదారులందరికీ ఆ జాబితా పంపండి. తర్వాత తగాదాలుండవు.

2. పెట్టెలు, సందూగలు అడుగుదాకా ఖాళీ చేయండి. పాత పెట్టెల్లో రహస్యపు అరలుంటాయి. పట్టా కాగితాలు, పహాణీ నకళ్లు, పెళ్లి ఫొటోలు పెట్టెతోపాటే పోతే మళ్లీ దొరకవు.

3. చెక్క రకం వడ్రంగితో చెప్పించుకోండి. ఘనపుటడుగుల లెక్క మీరే వేయండి.

4. కనీసం ముగ్గురిని అడగండి. ఒకరు ఊళ్లోకి వచ్చేవారు, ఇంకొకరు పట్నం దుకాణదారు, మూడోవారు కొత్త ఇల్లు కడుతున్న బంధువో స్నేహితుడో అయితే మంచిది.

5. ఇల్లు కూల్చే గుత్తేదారుకు చెక్క ఉచితంగా వదిలెయ్యకండి. కూలి వేరు, చెక్క వేరు అని ముందే మాట్లాడుకోండి. తలుపులు, చట్రాలు ముందు విప్పించాకే గోడలు పడగొట్టించాలి. గడ్డపార తగిలితే చెక్కడం పని పోయినట్టే.

6. కలప లారీకెత్తేముందు అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. కలప రవాణాకు నిబంధనలున్నాయి. ఇంటి పన్ను రసీదు, కూల్చకముందు తీసిన ఇంటి ఫొటోలు, పంచాయతీ ఇచ్చిన పత్రం దగ్గరుంటే దారిలో ఇబ్బందులు తగ్గుతాయి.

అన్నీ అమ్మాల్సిందేనా?

అక్కర్లేదు. అన్నీ దాచుకోనూ అక్కర్లేదు. ముగ్గురు తోబుట్టువులుంటే తలా ఒకటి ఎంచుకోండి. దూలాన్ని కోయిస్తే భోజనాల బల్ల అవుతుంది. దర్వాజ రెక్క అద్దానికి చట్రమవుతుంది. మొగురం రెండు ముక్కలైతే బెంచీకి కాళ్లవుతాయి. మాల్, చండూరు, దేవరకొండలాంటి చోట్ల చేతిపని తెలిసిన వడ్రంగులకు ఇది బతుకుదెరువు కూడా.

మిగిలినవి నిరభ్యంతరంగా అమ్మండి. పోయినవాళ్ల వస్తువు ఇంకో ఇంట్లో వాడుకలో ఉండటం వాళ్లను అవమానించడం కాదు. కొట్టంలో చెదలకు వదిలెయ్యడమే అవమానం. ఎవరో కొత్త జంట ఆ పట్టె మంచానికి నవారు మార్పించుకుంటారు. ఎవరో చంటిబిడ్డ ఆ తొట్టెలలో నిద్రపోతుంది. వాళ్లు డబ్బిచ్చి తీసుకెళ్తారు. మీరు లెక్క చూసి తీసుకోండి. తాత చెమటోడ్చి చేయించిన దర్వాజకు తగిన ధర అడగడం అత్యాశేమీ కాదు, అది ఆయన కష్టానికి ఇచ్చే మర్యాద!